అయ్యగారు పడవ ఎక్కినప్పుడు

మా సంఘంలో ఒక సాక్ష్యం ఉంది. ఏడాది నుంచీ ఎవరో ఒకరు లేచి అది చెబుతూనే ఉన్నారు. కృష్ణలో పడవ ఒరిగిపోయిందనీ, స్త్రీల సమాజం మొత్తం మునిగిపోవాల్సిందనీ, ప్రభువు చెయ్యి అడ్డం పెట్టి ఒక్క ప్రాణం కూడా పోకుండా కాపాడాడనీ. చెప్పేవాళ్ళ గొంతు వణుకుతుంది. వినేవాళ్ళు స్తోత్రం అంటారు. నేను మాత్రం పళ్ళు బిగబట్టి కూర్చుంటాను. ఆ నీళ్ళలో పడ్డవాళ్ళలో మా అమ్మ ఉంది. ఒడ్డున నిలబడి చూసినదాన్ని నేను. ప్రభువు చెయ్యి సంగతి చెప్పేంత భక్తి నాకు లేదు. మనుషుల చేతులు ఆ రోజు ఏం చేశాయో, ఏం చెయ్యలేదో మాత్రం బాగా తెలుసు. అది చెప్పమని నన్నెవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు అమ్మ సంగతి. మాది పెనుగంచిప్రోలు దగ్గర మునేరు పక్కన ఒక ఊరు. నేను నందిగామలో హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను, అమ్మ నాతోనే ఉంటుంది. నందిగామలో వీధికో చర్చి ఉంది. అయినా ఆదివారం వచ్చిందంటే అమ్మకి ఊళ్ళో చర్చే కావాలి. తెల్లారేసరికి తలకి నూనె రాసుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, గుమ్మంలో నిలబడి నన్ను తొందరపెడుతుంది. అక్కడ ఆమెతోపాటు చాప మీద కూర్చునేవాళ్ళంతా ఒకప్పుడు ఆమెతో కలిసి మిరపచేలల్లో కాయ కోసినవాళ్ళు. పక్కపక్క సాళ్ళలో వంగి, ఒకే గట్టు మీద చద్దన్నం తిని, ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్య కూర్చుంటేనే ఆమెకి ప్రార్థన చేసినట్టుంటుంది. దాన్ని నేను తప్పుపట్టను.

ఆ ఆడవాళ్ళందరిదీ కలిపి స్త్రీల సమాజం. ఏడాదికోసారి, మిరప కోతలు మొదలుకాకముందు, వాళ్ళంతా ఒక రోజు టూరు పోతారు. టూరంటే మరేం లేదు. ట్రాలీ ఆటోల్లో జగ్గయ్యపేట దాటి కృష్ణ ఒడ్డున ఒక రేవుకి చేరడం, అక్కడ వండుకుని తినడం, పాటలు పాడుకోవడం, పడవలో ఒక చుట్టు తిరిగి రావడం. రేవు పేరు రాయను. అలాంటివి ఒకటి కాదు కాబట్టి పేరు రాసి లాభం లేదు. అందరూ ఒకే రంగు చీరలు కట్టుకుంటారు. కిందటేడు పసుపు మీద ఎర్ర అంచు. నెల ముందు నుంచే అమ్మ ఆ చీరకి ఫాల్ కుట్టించి, ఇస్త్రీ చేయించి, రోజూ తీసి చూసుకుని మళ్ళీ పెట్టెలో పెట్టింది. తన బతుకులో షికారు అని చెప్పుకోదగ్గది ఆ ఒక్క రోజే. వంటకి చెయ్యి సాయం కోసం నేనూ సెలవు పెట్టి వెళ్ళాను.

ఆ పడవని పడవ అనడానికి నాకు నోరు రాదు. చేపలు పట్టే పడవకి ఇంజను బిగించి, రెండు పక్కలా బల్లలు కొట్టి, పైన రంగుగుడ్డ కట్టి, దానికి బోటింగ్ అని పేరు పెట్టారు. రేవులో ఒక రేకు బోర్డు ఉంది. లైఫ్ జాకెట్ లేనిదే బోటు ఎక్కరాదు అని ఎర్ర రంగుతో రాశారు. ఆ బోర్డు మేకుకి పడవవాడి చొక్కా వేలాడుతోంది. జాకెట్లు ఏవయ్యా అని అడిగితే ఇంజను వెనకాల నైలాను తాడుతో బిగించి కట్టిన మూట ఒకటి చూపించాడు.

"మూట విప్పి ఇవ్వొచ్చుగా?" అన్నాను.

"చెకింగోళ్ళు వచ్చినప్పుడు ఇప్పుతామండి. రోజూ ఇప్పి కడతంటే బకిల్సు ఊడిపోతన్నాయండి. మీకేం బయం లేదు మేడం. మా తాతల కాడ్నుంచీ ఈ నీళ్ళలోనే ఉన్నాం."

"నీళ్ళు మీకు అలవాటే. మునిగేది మేం కదయ్యా."

వాడు నవ్వాడు. వాడొక్కడే నవ్వితే సరిపోయేది, నా వెనకాల మావాళ్ళు కూడా నవ్వారు. "టీచరమ్మకి బళ్ళో అరవటం చాలదు, ఈడ కూడా మొదలెట్టింది," అంది ఒకావిడ. "ఇంత మంచి చీరలు కట్టుకుని ఆటికింద దాచుకుంటామా ఏంటి," అంది ఇంకొకావిడ. అమ్మ నా చెయ్యి గిల్లి, "ఇయ్యాళ ఒక్కరోజు నోరు మూసుకోవే," అంది. ఏం కాదులే అన్న మాట ఆ పది నిమిషాల్లో ఎన్నిసార్లు విన్నానో. మా ప్రాంతంలో ఆ మాటకున్నంత విలువ ఏ చట్టానికీ లేదు. హెల్మెట్ లేకుండా హైవే ఎక్కేవాడూ అదే అంటాడు, మునేరు పొంగి చప్టా మీద నుంచి పోతుంటే ఆటో తోలేవాడూ అదే అంటాడు. ఏం కాలేదు కాబట్టే వాళ్ళింకా అంటున్నారు. అయినవాళ్ళు అనడానికి లేరు.

నేను ఇంకా వాదిస్తూ ఉండగానే తాగేనీళ్ళ క్యాను ఆటోలో మర్చిపోయామని ఎవరో అన్నారు. నన్ను అక్కడి నుంచి పంపించడానికే అన్నారని ఇప్పటికీ నా అనుమానం. గట్టెక్కి క్యాను తీసుకుని వచ్చేసరికి అందరూ పడవలో కూర్చుని ఉన్నారు. అప్పుడే అయ్యగారూ అమ్మగారూ బండి దిగారు. మా దగ్గర అయ్యగారంటే పాస్టరు గారు, అమ్మగారంటే ఆయన భార్య. ఊళ్ళో ఎవరికో ఒంట్లో బాగాలేకపోతే ప్రార్థన చేసి రావడంతో వాళ్ళకి ఆలస్యమైంది. అయ్యగారు ముందు, అమ్మగారు వెనక, వాళ్ళ వెనక క్యాను మోసుకుంటూ నేను రేవులోకి దిగాం.

ఒడ్డు నుంచి పడవలోకి ఒక చెక్క వేసి ఉంది. అయ్యగారు ఆ చెక్క మీద కాలు పెట్టారు. పడవలో ఉన్న పాతిక ముప్ఫై మంది ఒక్కసారే లేచారు. లేచి ఊరుకోలేదు. అవతలి బల్ల మీద ఉన్నవాళ్ళు కూడా ఆయన మొహం కనిపించేలా ఇవతలికి వచ్చి, చేతులు జోడించి, "వందనాలయ్యగారూ" అన్నారు. అందరి మొహాల్లోనూ నవ్వు. ఆ నవ్వుతున్న మొహాలు అలాగే మా మీదికి వంగుతూ వచ్చాయి. పడవ అంచు నీళ్ళకి దిగిపోతోంది.

"కూర్చోండమ్మా, కూర్చోండి," అన్నారు అయ్యగారు.

ఎవరూ కూర్చోలేదు. ఇక్కడ మా మర్యాద సంగతి చెప్పాలి. అయ్యగారు వస్తే మేం లేస్తాం. చర్చిలో లేస్తాం, ఇంట్లో లేస్తాం, అన్నం ముందు నుంచి చెయ్యి కడుక్కుని మరీ లేస్తాం. జగ్గయ్యపేట ఆసుపత్రిలో సెలైను ఎక్కుతున్న ముసలమ్మ ఆయన్ని చూసి లేవబోతే నర్సు కేకలేసింది, నా కళ్ళారా చూశాను. ఆయన ప్రతిసారీ కూర్చోండమ్మా కూర్చోండి అంటారు. ప్రతిసారీ మేం చేతులు కట్టుకుని నిలబడే ఉంటాం. ఆయన కుర్చీలో కూర్చున్నాకే మేం కూర్చోవాలి. కూర్చోమనడం ఆయన మంచితనం, కూర్చోకపోవడం మా మంచితనం. పుట్టినప్పటి నుంచీ ఆ మాట విన్నవాళ్ళకి, దానికి నిజంగా కూర్చోమనే అర్థం ఉంటుందని పడవలో ఎలా తడుతుంది?

ఆయన మళ్ళీ అన్నారు. ఈసారి గొంతు చించుకుని అరిచారు. వాళ్ళు ఇంకా వినయంగా, ఇంకా నిటారుగా నిలబడ్డారు. ఆయన ఆగిపోయారు కానీ చెక్క జారింది, పడవ ఇటువైపుకి ఒక్క ఊపు ఊగింది, ఇవతలి అంచున ఉన్నవాళ్ళు వరసగా నీళ్ళలోకి జారిపోయారు. మిగిలినవాళ్ళు కేకలు పెడుతూ అవతలికి పరుగెత్తారు. లేకపోతే పడవ మొత్తం బోర్లాపడేది. దిగువన ఆనకట్ట ఉండటంతో నీళ్ళు నిలిచిన ఏరు అది. ఒడ్డు నుంచి ఒక్క అడుగు వేస్తే మనిషి లోతు.

నాకు ఈత రాదు. క్యాను వదిలేసి అమ్మా అని అరవడం తప్ప నేను చేసిందేం లేదు. అయ్యగారు తెల్లబట్టలతోనే దూకారు. గట్టు మీదున్న ఆటోడ్రైవర్లు పరుగెత్తుకొచ్చి దూకారు. పడవవాడు జాకెట్ల మూట ముడి విప్పబోయాడు. అది రాలేదు. ఎండకీ వానకీ తాడు బిగుసుకుపోయి రాయిలా ఉంది. చివరికి మూటని మూటగానే నీళ్ళలోకి విసిరాడు. దాన్ని పట్టుకుని ముగ్గురు తేలారు. పసుపు చీరలు నీళ్ళ మీద పరుచుకుని కనిపిస్తున్నాయి, అందులో మా అమ్మ ఎవరో నాకు తెలియలేదు. అందరివీ ఒకే రంగు చీరలు. ఆ క్షణం నాకొచ్చినంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు. భయం కాదు, కోపమే. ఒక డ్రైవరు ఎవరినో కొప్పు పట్టుకుని లాక్కొచ్చి ఒడ్డున పడుకోబెట్టాడు. చెవి కమ్మలు చూసి అమ్మని గుర్తుపట్టాను.

ఎవరూ చనిపోలేదు. అది నిజం. కానీ అమ్మ ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయి. జగ్గయ్యపేటలో ఆక్సిజన్ పెట్టి, వారం పాటు ఆసుపత్రిలోనే ఉంచారు. ఇంటికొచ్చాక కూడా దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోయింది. అంతకన్నా ఇంకొకటుంది. అప్పటి నుంచీ అమ్మ తల మీద నీళ్ళు పోసుకోలేదు. చెంబు తల దగ్గరికి వస్తే ఊపిరి బిగబట్టి, కళ్ళు తెరుచుకునే వణుకుతుంది. వారానికోసారి నేనే తడిగుడ్డతో జుట్టు తుడిచి, దువ్వి, జడ వేస్తాను. సాక్ష్యం చెప్పేవాళ్ళెవరూ ఈ తడిగుడ్డ గురించి చెప్పరు.

పోలీసుల దగ్గరికి పోదామంటే మా బాబాయి అడ్డం పడ్డాడు. బాబాయి మా సంఘపెద్ద. నాన్న తర్వాత మా ఇంట్లో మాట చెల్లేది ఆయనకే.

"ఎవరి మీద పెడతావమ్మా కేసు?" అన్నాడు. "అందరూ ఒక్క పక్కకి లేచింది మనోళ్ళేగా. ప్రాణాలు దక్కినయ్యి. దేవుడికి కృతజ్ఞత చెల్లించుకుని ఊరుకుందాం. సంఘానికి చెడ్డపేరు తెస్తే ఏమొస్తది?"

"జాకెట్లు మూట కట్టింది కూడా మనోళ్ళేనా బాబాయ్?"

"నీ నోటికో దణ్ణం తల్లీ."

కృతజ్ఞత కూడిక పెట్టారు. షామియానా వేసి, మైకు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ పలావు వండించారు. ఆ పడవవాణ్ణి పిలిచి శాలువా కప్పారు. దేనికయ్యా అంటే, జాకెట్ల మూట విసిరి ముగ్గుర్ని కాపాడినందుకట. అందరూ చప్పట్లు కొట్టారు. విప్పి ఇవ్వాల్సినవాడు విప్పకుండా విసిరినందుకు సన్మానం జరగడం నేను మొదటిసారి చూశాను. వాడు సిగ్గుపడుతూ శాలువా సర్దుకున్నాడు. నేను పలావు తినకుండా లేచి వచ్చేశాను. నాకు పొగరని అన్నారట. పొగరే. దాన్నైనా మిగుల్చుకుందాం అనుకున్నాను.

ఇంకో వింత చెబుతాను. తొమ్మిదో తరగతికి నేను గరిమనాభి పాఠం చెబుతాను. పడవలో ప్రయాణికులు ఎందుకు లేచి నిలబడకూడదు అన్నది అందులో ఎప్పుడూ ఉండే ప్రశ్న. పిల్లలు చక్కగా రాస్తారు. నిలబడితే గరిమనాభి పైకి జరుగుతుంది, స్థిరత్వం తగ్గుతుంది, పడవ ఒరిగిపోతుంది. పూర్తి మార్కులు వేస్తాను. ఆ సంవత్సరం ఆ జవాబు రాసిన ఆడపిల్లల్లో ఒకమ్మాయి అమ్మమ్మ ఆ పడవలో నవ్వుతూ నిలబడినవాళ్ళలో ఉంది. జవాబుపత్రం దిద్దుతుంటే ఎర్రపెన్ను కాగితంలో దిగబడింది. ఇన్నేళ్ళుగా నేను చెప్పిన పాఠం నందిగామ దాటి మా ఊరిదాకా పోలేదు.

ఏడాది తిరిగింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బాబాయి మైకు పట్టుకుని, స్త్రీల సమాజం వాళ్ళు టూరుకి సిద్ధం కావాలని చెప్పాడు. అదే రేవు, అదే పడవ. వాడు మనకి తెలిసినవాడు కదా అన్నాడు. అవును, శాలువా కప్పినంత తెలిసినవాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు. పక్కావిడతో ఈసారి ఏ రంగు చీరలో మాట్లాడుతోంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, మళ్ళీ నందిగామ బస్సులో, ఇంటికొచ్చాక వంటింట్లో మా ఇద్దరికీ అదే గొడవ.

"నువ్వు పోవటానికి వీల్లేదు," అన్నాను.

"ఎందుకు పోకూడదు? నాతోటోళ్ళంతా పోతంటే నేనొక్కదాన్ని ఇంట్లో కూచుని ఏం చెయ్యను? నీ పేపర్లు దిద్దనా?"

"తల మీద చెంబెడు నీళ్ళు పోసుకోలేనిదానివి, కృష్ణలోకి పోతావా?"

"ఒడ్డునే కూచుంటే పడవెందుకెక్కలేదే అంటారు. ప్రభువు ఒకసారి కాపాడాక కూడా బయపడతందంటారు. వాళ్ళ మధ్యన కూచోవాలి నేను రేపు."

ఆ చివరి మాట దగ్గర నాకు సంగతి అర్థమైంది. అమ్మకి పడవ మీద మోజు లేదు. ఆ చాప మీద తన చోటు పోతుందని భయం. పడవ భయం కన్నా ఆ భయం పెద్దది. అలాంటి భయం పెట్టిన వాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మండింది. విజయవాడ వెళ్ళి ఒక మంచి లైఫ్ జాకెట్ కొనుక్కొచ్చాను. అమ్మ దాన్ని పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"బానే ఉంది. కానీ నేనొక్కదాన్నే ఏసుకుంటే ఎట్టా ఉంటది? మిగతావాళ్ళు మనుషులు కాదా?"

తర్వాత రెండురోజులకి చూస్తే అది బియ్యం డబ్బా మీద ఉంది, దాని మీద పిల్లి పడుకుని ఉంది.

ఇక అయ్యగారి దగ్గరికే వెళ్ళాను. ఆయన నా వయసు మనిషే. అరుగు మీద కుర్చీ వేసి నన్ను కూర్చోమన్నారు. నేను వెంటనే కూర్చున్నాను. ఆయన నిలబడే ఉన్నారు. దగ్గరదగ్గర అరగంట సేపు నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను. పలావు గురించీ, శాలువా గురించీ, తడిగుడ్డ గురించీ. ఆయన అడ్డం రాలేదు.

"కూర్చోమని ఎంత అరిచానో నువ్వు విన్నావు కదమ్మా," అన్నారు చివరికి. "నా మాటంటే అంత గౌరవం వాళ్ళకి. లేవొద్దంటే మాత్రం వినరు. ఇప్పుడు టూరు ఆపమంటే పెద్దలు వినరు."

"అయితే మీరు ముందెక్కండి," అన్నాను. "మీరు జాకెట్ వేసుకుని ముందుగా పడవలో కూర్చుంటే ఎవరూ లేవాల్సిన పనుండదు. మీరు వేసుకుంటే వాళ్ళూ వేసుకుంటారు. మూట విప్పకపోతే మీరు దిగి వచ్చేయండి."

ఆయన ఒప్పుకున్నారు. ఈ మాట ఏడాది కిందటే ఆయనకి ఎందుకు తట్టలేదో అడగాలనిపించింది. అడగలేదు.

టూరు రోజు ఆకుపచ్చ చీరలు. ఈసారి నేనూ ఎక్కడానికి సిద్ధపడే వెళ్ళాను. పడవవాడు అయ్యగారి ఫోను అందుకున్నట్టున్నాడు, మూట విప్పి జాకెట్లు ఒడ్డున ఆరేశాడు. ముక్కిపోయిన వాసన కొడుతున్నాయి. కొన్నింటికి బకిల్సు లేవు, పురికొసలు కట్టాడు. అయ్యగారు జాకెట్ వేసుకుని అందరికన్నా ముందు ఎక్కి, పడవ మధ్యలో బల్ల మీద కూర్చున్నారు. ఆయన్ని చూశాక ఆడవాళ్ళు మాట్లాడకుండా వేసుకోవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే చెక్క మీద నుంచి వచ్చి, ఆయనకి వందనాలు చెప్పి, అటూ ఇటూ సమానంగా కూర్చుంటున్నారు. అమ్మ కూడా నేను కొన్న జాకెట్ వేసుకుంది. పిల్లి వెంట్రుకలు దులుపుకుంటూ నా పక్కన కూర్చుని బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుంది. ఆమె వేళ్ళు తెల్లబడిపోయాయి. అయినా నవ్వుమొహంతోనే ఉంది. నేను మొదటిసారి కాస్త ఊపిరి తీసుకున్నాను.

జాకెట్లు అయిపోయాయి. ఒడ్డున ఇంకా ఒకావిడ ఉంది. మా సమాజంలో అందరికన్నా పెద్దావిడ, అమ్మకి కాయ కొయ్యడం నేర్పినావిడ. "పర్లేదులే, నాకెందుకు, నేను బతికినంత బతికా," అంటూ ఆవిడ చెక్క మీదికి వచ్చేస్తోంది. పడవవాడు "రామ్మా, ఏం కాదు," అని చెయ్యి అందించాడు. వాడు ఆ మాట ఇంకా మర్చిపోలేదు.

అయ్యగారు మంచి మనిషి. ఆ మంచితనమే మళ్ళీ కొంప ముంచబోయింది. తన జాకెట్ బకిల్ తీసి, "అమ్మా, నువ్వు ఇది వేసుకో, నేను దిగిపోతా," అంటూ లేచి నిలబడ్డారు.

అయ్యగారు నిలబడితే ఎవరు కూర్చుని ఉంటారు? పడవంతా లేచింది. ఆయన ఒడ్డు వైపుకి ఒక అడుగు వేస్తే, దారి ఇవ్వడానికీ, చెయ్యి అందించడానికీ అందరూ ఒడ్డు వైపుకే తిరిగారు. నా కింద బల్ల వాలిపోవడం తెలిసింది. నీళ్ళు అంచు దాటి లోపలికి వచ్చి చెప్పుల్లోకి చేరాయి. నేను నోరు తెరిచాను, గొంతు పెగల్లేదు. పిల్లల మీద ఏళ్ళ తరబడి అరిచిన గొంతు.

"కూచోండే."

అరిచింది అమ్మ. ఆ గొంతు నా చిన్నప్పుడు విన్నాను, మిరపచేలో ఈ గట్టు మీద నుంచి ఆ చివర గట్టుకి వినపడేలా కేకేసే గొంతు. తర్వాత ఎప్పుడూ వినలేదు.

"కూచోండే మొద్దుల్లారా, మళ్ళీ చంపుతారా నన్ను? అయ్యగారూ, మీరు కూడా కూచోండి. కూచోమన్నానా. ఎక్కడున్నోళ్ళు అక్కడే."

అయ్యగారు ఉన్నచోటే కూలబడ్డారు. ఆయన కూర్చోగానే అందరూ కూర్చున్నారు. పడవ రెండుమూడు ఊపులు ఊగి నిలబడింది. అమ్మ ఒక్కతే బల్ల అంచు వదలకుండా అందరి వైపూ చూస్తోంది. తర్వాత అమ్మే, "ఒక్కొక్కళ్ళే దిగండి. అటొకళ్ళు, ఇటొకళ్ళు. నేను చెప్తా," అంది. ఆమె చెప్పిన వరసలోనే అందరూ దిగారు. అయ్యగారు చివర్న దిగారు. ఆ రోజు పడవ కదల్లేదు. ఒడ్డునే వండుకుని తిని, పాటల్లో సగం మానేసి వచ్చేశాం. పడవవాడు తన రోజు పాడైందని సణుగుతూ జాకెట్లు మళ్ళీ మూట కట్టాడు.

ఈసారి నిజంగా ఒక సాక్ష్యం ఉంటుందనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. చెప్పుకున్నది వేరే. అయ్యగారిని అందరి ముందూ గద్దించిందట. పెద్దా చిన్నా లేకుండా కూచోమందట. టూరంతా చెడగొట్టిందట. పోయిన ఏడు నీళ్ళలో పడ్డప్పటి నుంచీ మనిషికి మతి సరిగా లేదట, కూతురు బాగా నూరిపోసిందట. బాబాయి ఇంటికొచ్చి, "వదినా, ఒక్కమాట, అయ్యగారికి క్షమాపణ చెప్పేయరాదూ. పోయేదేముంది," అన్నాడు. అయ్యగారు అడిగారా అని నేనడిగాను. ఆయన అడగలేదు, బాగుండదని మేమే అనుకున్నాం అన్నాడు. ప్రాణాలు పోతుంటే బాగుండటం గురించి ఆలోచించే మనుషులతో నేనేం మాట్లాడను? తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన వెళ్ళిపోయాడు.

అమ్మ ఏడవలేదు. "నేనన్నది తప్పా?" అని ఒక్కసారి అడిగింది. కాదన్నాను. "మరి ఎవరూ ఫోను చెయ్యలేదేంటే?" అంది. ఏ చోటు పోతుందని భయపడి పడవెక్కిందో, ఆ చోటే పోగొట్టుకుని దిగింది.

మరుసటి ఆదివారం వెళ్ళొద్దులే అన్నాను. ఎప్పటిలాగే తలకి నూనె రాసుకుని గుమ్మంలో నిలబడింది. చర్చిలో చాప మీద ఆమె ఎప్పుడూ కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. దాని పక్కన కూడా ఎవరూ కూర్చోలేదు. అమ్మ వెళ్ళి అక్కడే కూర్చుంది. ఆ ఖాళీ చోట్లో నేను కూర్చున్నాను.

అయ్యగారు లోపలికి వచ్చారు. అందరూ లేచారు. మేమూ లేచాం. ఆయన నడుచుకుంటూ పోయి, వేదిక దగ్గర ఆగి, ఎప్పుడూ అనే గొంతుతోనే, "కూర్చోండమ్మా, కూర్చోండి," అన్నారు.

అమ్మ కూర్చుంది. ఆయన ఇంకా నిలబడే ఉన్నారు, చర్చి మొత్తం నిలబడే ఉంది, అమ్మ కూర్చుని బైబిలు ఒళ్ళో పెట్టుకుంది. నేనూ కూర్చున్నాను. మా చుట్టూ చీరలే తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎవరో వెనక నుంచి నా భుజం పొడిచారు. నేను కదల్లేదు. ముందు వరసలో అందరికన్నా పెద్దావిడ, ఆ రోజు జాకెట్ మిగలని ఆవిడ, వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. చూసి, గోడ పట్టుకుని, మెల్లగా కూర్చుంది. మోకాళ్ళ నొప్పికే కూర్చుందో ఏమో, నేను అడగలేదు.